వేడినీళ్లలో పసుపు

పోయిన వారం మిమ్మల్ని ఆ గాజుతలుపు ముందు నిలబెట్టి నా దారిన నేను పోయాను. చెప్పులు బయట విడిచి, చల్లటి బండల మీద వారమంతా నిలబడి ఉంటారు, పాపం. రండి, లోపలికి పోదాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు మాటల్లో చెప్పేస్తాను. ముందునుంచీ ఉన్నవాళ్లు ఆలోగా వక్క కొరుక్కోండి. నేను సుగుణమ్మను. పెద్దకడుబూరు పక్క పల్లె మాది. నాకిద్దరు పిల్లలు. పెద్దవాడు మధుసూదన్, ఎమ్మిగనూరులో బడిపంతులు. చిన్నది నాగవేణి. పత్తిలారీ బోల్తాపడి మొగుడు పోయినప్పటినుంచీ నా దగ్గరే ఉంటూ, ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి పోతోంది. ఈ చలికాలం సెలవుల్లో మావాడు ‘అందరం కలిసి బెంగళూరు చూసొద్దాం’ అని నన్నూ, నాగవేణినీ, పెళ్లాం మంజులనూ ఆదోనిలో రైలెక్కించాడు. సీజనులో మిల్లువాళ్లు సెలవివ్వరంటే, తనే పోయి అడిగి ఇప్పించాడు. చెల్లెలంటే ఎంత ప్రేమ అని నేను పక్కింటివాళ్లకు కూడా చెప్పుకున్నాను.

ఆ సంబరం గుంతకల్లు దాటేవరకే. నేను నిద్రపోయాననుకుని మధు పెళ్లాంతో అన్న మాట నా చెవిన పడింది. “నాగను ఈ తూరి ఆడనే వదిలి వస్తాం. నా జతలో చదువుకున్నోని అమ్మకు మంచాన సేవ చేసే మనిషి కావాలంట. తిండి, పడక అంతా ఆడనే. ఆదోనిలో దాని మీద మాటలు పుట్టినాయి. అమ్మకు ఇప్పుడే సెప్పొద్దు.”

అప్పటినుంచీ ఆ మాట కూతురికి చేరవేయాలని నేను పడిన పాట్లు ఆ దేవుడికే తెలుసు. లాడ్జిలో నలుగురికీ ఒకటే గది. మెట్రో రైల్లో పక్కన మంజుల. లాల్‌బాగ్‌లో పూలు చూద్దామంటే మా ఇద్దరి మధ్యనా మధు నడక. ఇంత పెద్ద ఊళ్లో, అంతమంది జనంలో, నా కూతురి చెవిలో ఒక్క మాట వేయడానికి నాకు జాగా దొరకలేదు. మా పల్లెలో రెండు గదుల ఇంట్లో ఎన్ని రహస్యాలు చెప్పుకునేవాళ్లమో!

చివరికి మంజుల నా మోకాళ్ల నొప్పులకని ఈ వేడినీళ్ల కొలనుకు తీసుకొచ్చింది. మగవాళ్లకు వేరే, ఆడవాళ్లకు వేరే. మధు అటు పోయాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో అక్కడి పనిమనిషి స్టీలు తట్ట ఒకటి పట్టుకొచ్చి, మెడలోవీ చేతులవీ తీసి ఇందులో పెట్టండి అంది. మంజుల తీసింది. నేను తీశాను. నాగవేణి మాత్రం స్వెట్టరు కాలరు రెండు చేతులా పట్టుకుని వెనక్కి జరిగింది.

మొగుడు పోయిన ఆడదాని మెడలో తీయడానికి ఏముంటుంది? అక్కడే కదా మిమ్మల్ని వదిలాను.

*

“ఏంది నాగా, అట్ల పట్టుకున్నావు? కిరీటమేమన్నా పెట్టుకున్నావా మెడకు?” అంది మంజుల.

“గొంతు నొప్పి వదినా. జలుబు చేసినట్టుంది. మీరు పోండి, నేను ఈడనే కూసుంటా.”

“గొంతు నొప్పికే కదా వేడినీళ్లు! రా మే, ఇంతదూరం వచ్చి గాజుతలుపు చూసి పోతావా?”

మంజుల చెడ్డది కాదు. నోరు పెద్దదే కానీ చెయ్యి మెత్తన. పొద్దున నా మోకాళ్లకు మందు రాసింది కూడా ఆమే. కానీ మొగుడు చెప్పిన మాట కడుపులో పెట్టుకుని రెండు రోజులుగా మా వెంట నీడలా తిరుగుతోందని నాకు తెలుసు. అది నాకు తెలుసని ఆమెకు తెలియదు. ఇక నాగవేణి మెడలో ఏముందో మా ఇద్దరికీ తెలియదు. ముగ్గురం ఆడవాళ్లం, మూడు మూటలు.

ఆ పనిమనిషి తలా ఒక తెల్లగౌను ఇచ్చింది. మెడదాకా గుండీలు, మోకాళ్ల కిందదాకా బట్ట. చీర తీసేయమంటే నేను తగువు పెట్టుకున్నాను. ఆమెది బళ్లారి వైపు. “అజ్జీ, సీరె నెనెయుత్తె, భార ఆగుత్తె” అంది నవ్వుతూ. చీర తడిస్తే బరువవుతుందట. నేనూ సరిహద్దుల్లో పుట్టినదాన్నే కదా, కన్నడంలోనే నాలుగు దులిపాను. ఆమె ఇంకా నవ్వింది. చివరికి ఆ గౌనే తొడుక్కున్నాను. అద్దంలో చూసుకుంటే ప్రెస్సులోంచి బయటికొచ్చిన పత్తిబేలులా ఉన్నాను, ఇనపపట్టీ ఒక్కటే తక్కువ.

నాగవేణి ఒక్కతే తలుపేసుకుని గౌను తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, దానిమీద మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని వచ్చింది. దేవుడు నా మొర విన్నట్టు అప్పుడే ఇంకో అమ్మాయి వచ్చి మంజులను పక్క గదికి పిలుచుకుపోయింది. మొహానికి మట్టి పూస్తారట. మా చేలల్లో నల్లరేగడి కాళ్లకు అంటుకుంటే కొడవలితో గీక్కుంటాం. ఈ ఊళ్లో దాన్ని మొహానికి పూసి కళ్లు మూసుకుని పడుకోమంటారు. పడుకోనీ తల్లీ అనుకున్నాను.

మేమిద్దరం మిగిలాం.

*

ఆ కొలను గురించి చెప్పాలి మీకు. నీలిరంగు బండలు పరిచిన గుంత. నీళ్లమీద పొగ. బయట స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకున్న ఊరు, లోపల చెమటలు. కాలు పెట్టగానే నాకు మా ఇంటి వెనక అండా గుర్తొచ్చింది. పత్తికట్టె మండించి, అండానిండా నీళ్లు కాచి, ఈ నాగవేణినే నా కాళ్లమీద బోర్లా వేసుకుని పోసేదాన్ని. పోస్తున్నంతసేపూ ఏడ్చేది, పోయడం ఆపితే ఇంకా ఏడ్చేది. ఇప్పుడు అదే పిల్ల నా చెయ్యి పట్టుకుని మెట్లు దించుతోంది.

“మెల్లగా మా. పాచి లేదుగానీ జారతాది.”

“నాగా, నీకొక మాట సెప్పాల. మీ వదిన వచ్చేలోపల.”

“ఇప్పుడేం మాటలు? ముందు కాలు సూసుకో.”

“కాలికేం కాదులే. మీ అన్న నిన్ను...”

కాలికే అయింది. మాట మీద ధ్యాస పెడితే మెట్టు మీద ధ్యాస పోయింది. నేను వెనక్కి పడ్డాను, నీళ్లు నా ముక్కుల్లోకి వచ్చాయి. నాగవేణి “అమా!” అని అరిచి మెడలోతు నీళ్లలోకి దూకింది. నన్ను రెండు చంకల కింద పట్టి లేవనెత్తింది. మిల్లులో బుట్టలు మోసిన చేతులు, నా బరువు దానికి లెక్కలేదు. తువ్వాలు ఊడి నీళ్లమీద తేలిపోతోంది. నేను దగ్గుతూ దాని భుజం పట్టుకుని కళ్లు తెరిచాను.

తెల్లగౌను మీద, గొంతు గుంట నుంచి కిందికి, పసుప్పచ్చగా ఒక చార జారుతోంది. జారి నీళ్లలో కలిసి, పొగ కింద మెల్లగా విచ్చుకుంటోంది.

ఆ రంగు నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బట్టల రంగు అట్లా విడవదు. మందు రంగు అంత మెరవదు. అది పచ్చి పసుపు. తాడుకు పూసిన పసుపు. నేను గౌను మీదనుంచే వేలు పెట్టి తడిమాను. గుండీల కింద తాడు తగిలింది. తాడు చివర పసుపుకొమ్ము తగిలింది.

నాగవేణి నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. అరవడానికి కూడా మాకు తీరిక చిక్కలేదు. గట్టుమీదనుంచి ఆ బళ్లారి పిల్ల కేకలు మొదలుపెట్టింది.

“అయ్యో, ఏనమ్మా ఇదు? అరిశిణ! నీరెల్ల అరిశిణ!”

పసుపు, నీళ్లన్నీ పసుపు అని. ఆ కేకకు పక్క గది తలుపు తెరుచుకుంది. మంజుల వచ్చింది. మొహమంతా నల్లమట్టి, ఒక కంటిమీద దోసకాయ ముక్క ఇంకా అంటుకునే ఉంది.

“ఏమైనాది అత్తా? పసుపేంది?”

నాగవేణి వేళ్లు నా జబ్బను నొక్కాయి. నేను చప్పున దాని ముందుకు జరిగి, నా లావాటి ఒంటితో దాన్ని కప్పేశాను.

“నాదేలే. మోకాళ్లకు పసుపు, ఆముదం పూసుకున్నా. నీళ్లకు విడిసింది. ఈమె ఏదో కొంప మునిగినట్టు అరుస్తాండాది.”

“మోకాళ్లకు పొద్దున నేనే కదా అత్తా మందు రాసింది? పసుపు యాడిది?”

“నువ్వు రాసినాక మల్లా పూసుకున్నా. నీ మందు మీద నాకు నమ్మకం లేక. చాలా? సెప్పించుకునేదాకా ఊరుకోవు కదా!”

మంజుల నీళ్లవైపు చూసింది, నావైపు చూసింది, నా వెనక వైపు చూడబోయి ఆగింది. నమ్మిందో లేదో మొహంలో చూద్దామంటే మొహం మట్టి కింద ఉంది. నోటి దగ్గర మాత్రం ఒక బీట విచ్చింది. అది నవ్వో, కోపమో నాకు అర్థం కాలేదు.

నీళ్లు మార్చాలి, అంతదాకా ఆవిరి గదిలో కూర్చోండి అని ఆ పిల్ల మమ్మల్ని తల్లీకూతుళ్లను గొర్రెల్లా తోలింది. తోలేటప్పుడు నన్ను చాలానే తిట్టింది. పడ్డాను. ఆ తిట్లు నాకు పన్నీరు చల్లినట్టున్నాయి, నమ్మిందని.

*

ఆవిరి గది అంటే కొయ్యబల్ల వేసిన పెట్టె. నాలుగు పక్కలా మూసి, ఒక పక్క చిన్న గాజుతలుపు. మూలనుంచి ఆవిరి బుస్సుమని కొడుతోంది. ఊపిరి పీలిస్తే నోట్లో వేడి దూది కుక్కినట్టుంది. తలుపు బయట మంజుల నీడ అటూ ఇటూ తిరుగుతోంది.

“ఎవురు?” అన్నాను.

నాగవేణి తలొంచుకుంది. “దుర్గప్ప.”

దుర్గప్ప నాకు తెలియనివాడేం కాదు. అదే మిల్లులో ప్రెస్సు దగ్గర బేళ్లు కడతాడు. మా కులంవాడే. పెళ్లాం కాన్పులో పోయింది. మా నాగవేణికి జ్వరం వస్తే ఆటోలో తెచ్చి దింపి, గడప దాటకుండా, మంచినీళ్లు కూడా తాగకుండా పోయిన మనిషి. అప్పుడు గడపలో నిలబడి ఉండగానే అతని ఫోను మోగింది. బటన్ల ఫోను. మిషన్ల మోతలో వినబడాలని మోత ఎక్కువ పెట్టించుకున్నాడట, పాతకాలపు టెలిఫోను గంటలా ట్రింగు ట్రింగుమని. వీధిలో కోళ్లు చెదిరిపోయాయి. అతను సిగ్గుపడిపోయి చేత్తో నొక్కిపెట్టుకున్నాడు.

“ఎప్పుడు?”

“కార్తీకంలో. మిల్లోళ్లంతా ఉరుకుందకు పోయినాం కదా, ఈరన్నసామి దగ్గరికి. ఆడ.”

“ఇన్ని దినాలు నా పక్కలో పడుకొని, నాకు తెలీకుండా...”

“సలికాలం కదమ్మా. స్వెట్టరు తియ్యలేదు.” దాని గొంతులో ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“నాకేల సెప్పలేదు మే?”

“నీకు సెప్తే అన్నకు సెప్తావు. నీ కడుపులో మాట యాడ నిలుస్తాది మా?”

అదీ నిజమే. ఇన్ని వారాలుగా మీకు చెబుతూనే ఉన్నాను కదా.

కానీ నాకు కోపం వచ్చింది. పెళ్లి చేసుకుందని కాదు. “పసుపెవరు పూసినారు తాడుకు?” అన్నాను.

“నేనే. యాడ వెలిసిపోతాదో అని పొద్దు పొద్దున పూసుకుంటాండా. ఈ పొద్దు కూడా.”

“దానికే విడిసింది! పచ్చి తాడుకు పైపైన పూస్తే అంటుతాదా? అమ్మ బతికుండంగా నీకు నువ్వే పూసుకుంటావా?”

మీకు తెలియకపోవచ్చు, చెబుతాను. మా ఇళ్లల్లో మొగుడు పోయిన పిల్లకు మళ్లీ మనువు కట్టడం కొత్త కాదు. మారుమనువు అంటాం. మేళం ఉండదు, పందిరి ఉండదు. పెద్దమనుషుల ముందు కొత్తచీర పెట్టి, తాడు కట్టి, తాంబూలం పంచుతారు. అయితే మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆ తాడుకు పసుపు పూయాల్సింది కన్నతల్లే. ముందునాడే పసుపు నూరి, తాడును రాత్రంతా అందులో నానవేసి, నీడన ఆరబెట్టి ఇవ్వాలి. తల్లి చెయ్యి పడితే ఆ మనువు తల్లిదండ్రులు ఒప్పుకున్నదని లెక్క. మా అత్త జయమ్మకు వాళ్లమ్మ అట్లాగే నానబెట్టి ఇచ్చిందట. ఏట్లో మునిగి లేచినా ఒక్క చుక్క విడవలేదని చెప్పేది. అవును, మా అత్తదీ మారుమనువే. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే ముక్కు ఎగరేస్తారు. చదువుకున్న ఇళ్లలో అది చిన్నతనమైపోయింది. వెనక మన తాతలకు లేని సిగ్గు ఇప్పుడు మనకు వచ్చింది.

నాగవేణి తాడును గుప్పిట్లో పట్టుకుంది. “తీసెయ్యమంటావా మా?”

“తీస్తే నా సేతులిరుగుతాయి,” అన్నాను. “ఊరికి పోయినాక నేను మల్లా నానేస్తా.”

అప్పుడు ఏడ్చింది. ఆ ఆవిరిలో కన్నీళ్లేవో, చెమటేదో తెలియలేదు. నేను ఏడ్వనిచ్చాను. ఏడ్పు సగంలో ఉండగానే నా మూట విప్పాను. రైల్లో విన్నది అంతా చెప్పాను.

దాని ఏడుపు టక్కున ఆగింది.

“అందుకేనా ఆధార్ కార్డు తెచ్చుకోమన్నాడు? చీరలు ఎక్కువ పెట్టుకోమన్నాడు?” అంది. తర్వాత చిన్నగా, “మా, ఆయన ఫోను మనం రైలెక్కిన కాడినుంచి స్విచ్చాఫు వస్తాండాది. రాత్రిపూట బయటికి పోయి చేసినా అంతే. ఎప్పుడూ అట్ల కట్టెయ్యడు,” అంది.

“చార్జింగు లేదేమో.”

“నేను ఊళ్లో లేనప్పుడా?” అని తలుపు వైపు చూసింది. “ఇట్లనే పోదాం పా మా. టేషనుకు పోదాం.”

“యాడికి పోతాం? ఈ గౌన్లతోనా? మన చీరలు కూడా మీ వదిన తాళం కింద ఉండాయి.”

లేచి తలుపు తోశాను. రాలేదు. ఇంకా గట్టిగా తోశాను. అవతల మంజుల నీడ తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. ఈ ఆవిరిపెట్టెలో మమ్మల్ని పెట్టి కాపలా కాస్తోందా? ఎంతసేపటినుంచి ఉంది? ఎంత విన్నది?

నేను గాజుమీద కొట్టాను. ఆమె పక్కకు జరిగింది. తలుపు తెరుచుకుంది. మొహం కడుక్కుని ఉంది. మట్టి పోయినా ఆ మొహంలో నాకేమీ కనబడలేదు.

“ఆయన బయట కాసుకోని ఉన్నాడు. బిరబిరా రండి,” అంది. నాగవేణి చేతికి పొడి తువ్వాలు, స్వెట్టరు ఇచ్చి, చూపు ఎటో పెట్టుకుని అంది. “మెడకు గట్టిగా సుట్టుకో నాగా. బయట గాలి ఎక్కువ.”

*

బట్టలు మార్చుకుని వచ్చేసరికి ముందర గదిలో మధు నిలబడి ఉన్నాడు. మంకీ క్యాపు, నల్ల జర్కిను. కాళ్ల దగ్గర నాగవేణి బ్యాగు. మా బ్యాగులేవీ లేవు, అదొక్కటే. లాడ్జికి పోయి తెచ్చినట్టున్నాడు. గాజుల అవతల కారొకటి నిలిచి, ఇంజను ఆపకుండా పొగ వదులుతోంది.

“నాగా, ఒకరింటికి పోయొస్తాం పా,” అన్నాడు, బడిలో పిల్లలను మందలించే గొంతుతో. “ముసలామె మంచిది. కొన్నాళ్లు ఆడనే ఉండు. నచ్చకుంటే సెప్పు, నేనే వచ్చి తీసుకపోతా.”

“బ్యాగు తెచ్చినాక అడుగుతాండావా అన్నా?”

“నీకు చెడు చేస్తానా నేను? మీ ఆయన పోయినప్పుడు పాడె మోసింది నేను కాదా? ఎమ్మిగనూరులో నా బడి గోడమీద రాసినారు నీ గురించి. పిల్లోళ్లు సదివినారు. నేను సున్నం కొట్టించినా. మల్లా రాస్తే?”

వాడు మంకీ క్యాపు తీసి చేతిలో నలిపాడు. అది నటన కాదు. నా కొడుకు కూడా చిక్కుకునే ఉన్నాడు, వాడి పెట్టె వేరు. కానీ వాడు వంగి బ్యాగు పట్టీ అందుకున్నాడు. అప్పుడు నేను ఏం చేశానో తెలుసా? ఆ బ్యాగు మీద కూర్చున్నాను. నేలకు ఆనిన బ్యాగు మీద, కాళ్లు మడిచి, బాసింపట్టు వేసుకుని. నేనట్లా కూర్చుని ఎన్నేళ్లయిందో! ఆ వేడినీళ్లు మంచివే, ఒప్పుకోవాలి.

“అమా, లేయి. జనం సూస్తాండారు.”

“సూడనీ. మధూ, మీ జేజి జయమ్మకు ఎన్ని మనువులు?”

వాడు కారు వైపు చూశాడు.

“నేను సెప్తా. రెండు. మొదటోడు పాము కరిసి పోయినాడు. రెండో తాడు కట్టినోని కొడుకే మీ నాయన దేవేంద్రప్ప. బడిలో నీ పేరు ముందర రాసుకుంటావే ఇంటిపేరు, అది ఆ రెండో తాడు పెట్టింది. ఆ తాడు సిగ్గుమాలింది అయితే నువ్వెవరు, నేనెవరు?”

“ఆ కాలం వేరు మా.”

“కాలం వేరే. తాడు అదే.” నేను నాగవేణి వైపు తిరిగాను. “ఆ తువ్వాలు తియ్యి.”

అది మంజులను చూసింది, అన్నను చూసింది. తువ్వాలు తీసింది. స్వెట్టరు కాలరు కిందికి లాగింది. తడిసి రంగు పాలిపోయిన తాడు, చివర పసుపుకొమ్ము. పక్కన బల్లమీద కూర్చున్న ఆ బళ్లారి పిల్ల “ఓహో, అజ్జీ!” అని నోరు నొక్కుకుంది.

మధు ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు. అదే నన్ను భయపెట్టింది.

“తెలుసు,” అన్నాడు. “తెలిసే తెచ్చినా. నువ్వు అల్లుడనుకునేవాడే దీన్ని వద్దంటాండాడు మా. కట్టింది తప్పయిందంట. నా మాట నమ్మొద్దు. నాగా, నీ ఫోను సూసుకో. వాడే పెట్టింటాడు.”

నాగవేణి లాకరులోంచి తెచ్చుకున్న ఫోను తీసింది. నేను దాని మొహమే చూస్తున్నాను. మేము నీళ్లలో ఉన్నప్పుడు వచ్చిందట మెసేజు. నాకు చదువు రాదు. అది ఏడో తరగతి వరకే. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. “నువ్వు ఆడనే ఉండు. నా కోసం రావద్దు. దుర్గప్ప.”

మంజుల “అయ్యో” అంది. నా కింద బ్యాగు కుంగినట్టయింది. నాగవేణి గోడకు ఆనుకుంది. ఒక్క క్షణం, అది ఓడిపోయిందనే అనుకున్నాను. పోయి ఆ కారెక్కుతుందని అనుకున్నాను.

అది మళ్లీ చదివింది, నోట్లోనే. తలెత్తింది.

“అన్నా, ఇది ఇంగ్లీసు అచ్చరాలతో ఉండాది.”

“ఉంటే?”

“ఆయనకు తెలుగు అచ్చరమే రాదు. కూలి పట్టీలో వేలిముద్ర వేస్తాడు. నా పేరు నేను రాసి చూపిస్తే, ముగ్గుమాదిరి ఉందే అన్నాడు.”

“ఎవరితోనన్నా రాయించింటాడు.”

“ఫోను కట్టేసింటే ఎట్ల పెట్టినాడు? అంటే ఇప్పుడు ఆన్‌లో ఉండాలి కదా.” అని, అడగకుండా, ఆగకుండా, బొటనవేలితో నొక్కింది.

మధు “వద్దు నాగా” అంటూ ఒక అడుగు వేశాడు. మంజుల ఆ అడుగుకు అడ్డం వచ్చింది. మొదటిసారి.

ముందు అవతల కారు ఇంజను గురగుర.

తర్వాత మోగింది. ట్రింగు ట్రింగు. పాతకాలపు టెలిఫోను గంట. మిల్లు మిషన్ల మోతను దాటి వినబడే మోత, మా వీధి కోళ్లను చెదరగొట్టిన మోత. నాగవేణి చటుక్కున తలుపు వైపు తిరిగింది, మనిషి వచ్చాడనే ఆశతో. తలుపు దగ్గర ఎవరూ లేరు. ఆ మోత తలుపు దగ్గరిది కాదు.

నా కొడుకు రెండు చేతులూ జర్కిను జేబును నొక్కిపెట్టుకున్నాయి. ఎంత నొక్కినా మోత ఆగడంలేదు. దాన్ని ఆపడం వాడికి చేతకాలేదు.

నేను బ్యాగు మీదనుంచి లేచాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాను.

“మధూ,” అన్నాను. “ఫోను నీ జేబులో ఉండాది. మనిషి యాడ?”